ఏకవచనం

కొరుక్కుపేట గేటు పడిందంటే
గూడ్సు పోయేదాకా మా బళ్ళో పాఠం ఉండదు.
ఇవాళ ఆ మోత ఆగాక నల్లబల్ల మీద రాశాను:
తమ్ముడు వచ్చాడు.
చెల్లి వచ్చింది.
వాన వచ్చింది.

ఏడో తరగతి, తెలుగు మీడియం.
పోయినేడు ముప్ఫై ఒకరు, ఈ ఏడు పద్దెనిమిది.
రిజిస్టరులో మగపిల్లలు నీలం సిరా, ఆడపిల్లలు ఎర్ర సిరా,
నేనీ బడికి రాకముందు నుంచీ అంతే.
రెంటికీ మధ్య గీత మాత్రం
ప్రతి నెలా స్కేలు పెట్టి నేనే గీస్తాను.

తేన్మొళి చెయ్యెత్తింది.
నాన్నది తెలుగు, అమ్మది తమిళం,
కోపమొస్తే రెండూ కలిపి తిడుతుంది.
"టీచర్, మా ఆయా ఇంట్లో అయితే
తంబి వందాన్, తంగై వందాళ్, మళై వందదు.
ముగ్గురికి మూడు తోకలు.
ఇక్కడేంటి, చెల్లికీ వానకీ ఒకటే?"

"కుక్కక్కూడా టీచర్!" వెనక బెంచీ ఓబులేసు.
"కుక్క వచ్చింది, తేన్మొళి వచ్చింది!"
నీలం సిరా మొత్తం నవ్వింది.
ఎర్ర సిరాలోనూ ఇద్దరు నవ్వారు, అలవాటుగా.

నౌషీన్‌కి ఇదంతా వింత.
వాళ్ళింట్లో నీళ్ళు మగవి, బండి ఆడది.
"పానీ ఆయా, గాడీ ఆయీ.
లారీ ఆడదే, అందులో నీళ్ళు మాత్రం మగాళ్ళు టీచర్!"
బికాశ్ ఒడియా వాడు, వచ్చి ఎనిమిది నెలలు.
వేళ్ళ మీద ఏవో లెక్కపెట్టుకుని
"మాకు అందరికీ ఒకటే" అన్నాడు,
తప్పు ఒప్పుకున్నట్టు.

నేను సూత్రం అందుకున్నాను:
మగవాళ్ళు మహత్తులు.
పశువులు, చెట్లు, రాళ్ళు, వాన అమహత్తులు.
స్త్రీలు ఏకవచనంలో...
గొంతులో సుద్దపొడి.
ఇరవై రెండేళ్ళు రెండు మార్కుల కోసం చెప్పిన వాక్యం,
నాకు వినబడింది ఇవాళే.

అంకమ్మ ఎప్పుడూ మాట్లాడదు.
తెల్లారకముందే వాళ్ళమ్మ చీపురుతో తంగసాలకు పోతుంది,
తమ్ముణ్ణి తయారుచేసి, తను సగం జడతో వస్తుంది.
ఆ సగం జడ పట్టుకునే లేచింది.
"నిన్న జీతం అడగడానికి
మా అమ్మ, పిన్ని, పక్కింటి సారమ్మ
ఆఫీసుకి పోయారు టీచర్.
పోయారు అనే కదా అంటాం? పోయాయి అనం కదా?"
అనం.
"అమ్మొక్కతే పోయిన నెల పోయింది.
ముగ్గురూ కలిస్తే పోయారు.
అయితే మనుషుల లెక్కలోకి రావాలంటే
ఎంతమంది ఉండాలి టీచర్?"

ఇద్దరు చాలు, అన్నాను.
సూత్రం అదే, అబద్ధం చెప్పలేదు.
తేన్మొళి తన సంచీ తీసుకుని
చప్పుడు చేస్తూ అంకమ్మ బెంచీకి మారింది.
ఓబులేసు దాన్నీ వెక్కిరించబోయి
క్రియ ఏం పెట్టాలో తెలీక ఆగాడు.

తలుపు దగ్గర, బెంచీలు అయిపోయేచోట ధనకోటి.
ఆ పేరు మా పేటలో మామలకూ ఉంటుంది, అత్తలకూ ఉంటుంది.
రిజిస్టరులో నీలం.
ప్రార్థన వేళ రెండు వరసలకూ వెనక,
ఏ వరసకూ చివర కాకుండా.
చూశారుగా, క్రియ పెట్టలేక
నేను కూడా వాక్యాలు సగంలో ఆపేస్తున్నాను.

"నువ్వొక వాక్యం చెప్పు ధనకోటీ."
కిటికీ వైపు ఒక చూపు. తర్వాత మెల్లగా:
"నేను వచ్చాను."

బల్ల మీద అదీ రాశాను.
తేన్మొళి దాని తోక వెతికింది.
ఓబులేసు తల వంచి మరీ చూశాడు.
ఆ చివరి అక్షరంలో
మీసం లేదు, జడ లేదు.
వాళ్ళ కళ్ళతో నేనూ చూశాను,
పుట్టినప్పటి నుంచీ నా నోట్లోనే ఉన్న మాట.

మధ్యాహ్నం హాజరు పిలుస్తుంటే మళ్ళీ గేటు పడింది.
ఒకటే గూడ్సు, యాభై పెట్టెలు.
ధనకోటి పేరు దగ్గర తలెత్తాను.
మాట వినబడలేదు, పెదాలు కదిలాయి:
ఉన్నాను.

రేపు ఒకటో తారీఖు.
కొత్త పేజీకి ఇంకా గీత గియ్యలేదు.
హెడ్‌మాస్టారు అడుగుతారు, తెలుసు.
స్కేలు సొరుగులో ఉంది.